మందులు లేకుండా పానిక్ ఎటాక్‌ను ఎదుర్కోవడం: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడలో పుట్టి పెరిగాను, ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. డాక్టర్‌ని కాను. కొన్నేళ్ళ పాటు పానిక్ ఎటాక్‌లు నన్ను ఇల్లు కదలనివ్వలేదు. వాటి నుంచి బయటపడుతూ నేర్చుకున్నవి, చదివినవి, నాకు చికిత్స చేసిన సైకాలజిస్టు చెప్పినవి ఇప్పుడు తెలిసినవాళ్ళకు చెబుతున్నాను. ట్యూషన్ పిల్లల తల్లులతో మొదలైంది. ఇప్పుడు గుణుపూర్ నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి, బరంపురం నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేవి ఇవి.

పానిక్ ఎటాక్ అంటే ఏమిటి? మామూలు టెన్షన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

టెన్షన్ నెమ్మదిగా పెరుగుతుంది, దాని కారణం కంటికి కనిపిస్తుంది. పరీక్షలు, పెళ్ళి ఖర్చు, అప్పు. పానిక్ ఎటాక్ చెప్పి రాదు. కూరగాయలు తరుగుతుండగానో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగానో ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. చెమటలు, వణుకు, ఛాతీలో బిగింపు, గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు ఉండడం, కడుపులో తిప్పడం, వేళ్ళలో తిమ్మిర్లు, ఒళ్ళు చల్లబడడం లేదా వేడి ఆవిర్లు, కళ్ళు తిరగడం, చుట్టూ ఉన్న మనుషులు ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించడం. వీటన్నిటి మీద ఒకే ఆలోచన: చచ్చిపోతున్నాను, లేదా నాకు పిచ్చెక్కుతోంది.

మనోవైద్యులు ఇలాంటి 13 లక్షణాలు లెక్కపెడతారు. వాటిలో కనీసం 4 ఒక్కసారిగా వచ్చి, కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరితే దాన్ని పానిక్ ఎటాక్ అంటారు. మామూలుగా 10 నిమిషాల్లోపే అది శిఖరానికి చేరి, అరగంటలోపు దిగిపోతుంది. ఆ తర్వాతి నీరసం మాత్రం రోజంతా ఉండొచ్చు.

జీవితంలో ఒకటి రెండుసార్లు ఇలా జరిగినవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉంటారు. మళ్ళీ వస్తుందేమోనన్న భయం నెలకు మించి వదలకుండా, ఆ భయంతో ఎక్కడికి వెళ్ళాలో ఎక్కడికి వెళ్ళకూడదో మార్చుకుంటూ బతుకుతుంటే, దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు.

ఇది గుండెపోటు కాదని ఎలా తెలుస్తుంది?

మొదటిసారి వచ్చినప్పుడు మీ అంతట మీరు తేల్చుకోవద్దు. మొదటిసారి ఎప్పుడూ ఆసుపత్రికే వెళ్ళాలి. ఈసీజీ తీయించుకోండి, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా, గుండె లయ తప్పినా అచ్చం ఇలాగే దడ వస్తుంది. మన వైపు మలేరియా చలి వణుకును కూడా గాబరా అనుకున్నవాళ్ళు ఉన్నారు. జ్వరం ఉంటే రక్తపరీక్ష తప్పదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్ళకు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే అది పానిక్ అని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే తీసుకెళ్ళాలి.

ఇంతకుముందు పానిక్ అని తేలినవాళ్ళు కూడా 108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఉన్నాయి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొక్కుతూ నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకితే, మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో నొప్పి మొదలైతే, పది పదిహేను నిమిషాలైనా తగ్గుముఖం పట్టకపోతే, నిజంగానే స్పృహ తప్పితే, ఒక పక్క చెయ్యి కాలు పడిపోతే, పెదవులు నీలంగా మారితే. నలభై దాటి బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. అనుమానం ఉంటే వెళ్ళడమే మంచిది. పానిక్ అని తేలి తిరిగొస్తే పోయేదేమీ లేదు.

అన్ని పరీక్షలూ బాగున్నాయని ఒకసారి తేలాక, ప్రతి ఎటాక్‌కీ మళ్ళీ ఈసీజీ కోసం పరుగెత్తడం మాత్రం జబ్బును పెంచుతుంది. నేను ఒక ఏడాదిలో ఏడుసార్లు తీయించుకున్నాను. ప్రతిసారీ బాగానే ఉందన్నారు, ప్రతిసారీ ఆ ధైర్యం మూడు రోజులు కూడా నిలవలేదు.

ఏమీ లేకపోతే ఒళ్ళు ఎందుకు ఇలా చేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైన రోజు నుంచే నాకు సగం తగ్గింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అడవిలో ఎలుగుబంటి ఎదురైతే మన ఒళ్ళు మనల్ని అడక్కుండానే సిద్ధమైపోతుంది. ఎడ్రినలిన్ విడుదలవుతుంది. కాళ్ళకు రక్తం పంపడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగమవుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుస్తాయి. పరుగెత్తడానికి ఇవన్నీ కావాలి. పానిక్ ఎటాక్‌లో ఇదే జరుగుతుంది, ఎలుగుబంటి ఒక్కటే ఉండదు. పొగ లేకుండానే మోగిన అలారం అది. ఒంట్లో జరిగేదంతా నిజం. మీరు నటించడం లేదు, ఊహించుకోవడం లేదు. తప్పంతా ప్రమాదం ఉందన్న ఆ కబురులోనే.

ఇక తిమ్మిర్లు, కళ్ళు తిరగడం సంగతి. భయంలో మనం అవసరానికి మించి ఊపిరి పీలుస్తాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కొద్దిగా ముడుచుకుంటాయి, తల తేలిపోతుంది. వేళ్ళు, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతాయి, ఒక్కోసారి చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. అంటే ఊపిరి చాలడం లేదని మనకు అనిపిస్తున్న సమయంలో నిజానికి ఎక్కువ పీలుస్తున్నాం. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే ఒకసారి వేలికి పెట్టి చూడండి, 98, 99 చూపిస్తుంది. ఒక్కసారి చూసి లోపల పెట్టేయండి. గంటకోసారి చూడడం అలవాటైతే అదో కొత్త తిప్పలు.

1986లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ అనే మానసిక శాస్త్రవేత్త దీన్ని ఒక చక్రంలా వివరించాడు. గుండె ఒకసారి వేగంగా కొట్టుకుంటుంది. దాన్ని మనం గుండెపోటు అనుకుంటాం. ఆ ఆలోచనకు భయం పెరుగుతుంది. భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అది చూసి మన అనుమానం గట్టిపడుతుంది. మందు లేకుండా చేసే సాధనలన్నీ ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపడానికే.

ఎటాక్ వచ్చిన క్షణంలో ఏం చేయాలి?

ఉన్నచోటే ఉండండి. అన్నిటికన్నా కష్టమైనదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. బండి నడుపుతుంటే మాత్రం పక్కకు ఆపండి.

తర్వాత దానికి పేరు పెట్టండి. మనసులోనో పైకో మీ మాటల్లోనే అనుకోండి: “ఇది పానిక్. ఇంతకుముందూ వచ్చింది, పోయింది. పది నిమిషాలు.” పాకెట్‌లో చీటీ రాసిపెట్టుకున్నా సరే. నా చీటీ మీద “వచ్చింది, రానీ” అని రెండే మాటలు ఉండేవి.

ఊపిరి విషయంలో అందరూ ఒక పొరపాటు చేస్తారు. గట్టిగా, లోతుగా పీల్చమని పక్కవాళ్ళు చెబుతారు, మనం గుటకలు గుటకలుగా గాలి మింగుతాం, తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. కావలసింది నెమ్మది. ముందు లోపల ఉన్న గాలిని మెల్లగా వదిలేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చండి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి, వేడి టీని ఊదినట్టు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు. నాలుగైదు నిమిషాలు చేయండి. కాగితం సంచిలో ఊపిరి తీసుకోమని పాతకాలపు సలహా ఒకటి ఉంది, అది వద్దు. అది నిజంగా గుండె జబ్బో ఆస్తమానో అయితే ప్రమాదం.

ఊపిరి లెక్క కుదరనివ్వకపోతే చూపును బయటికి తిప్పండి. కనబడే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినబడే మూడు శబ్దాలు, రెండు వాసనలు, ఒక రుచి. బస్టాండులో అయితే బోర్డుల మీద ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు బాగా పనిచేసింది. చదవడం అంతగా రాదు కాబట్టి మనసు పూర్తిగా దాని మీదే పెట్టాల్సి వచ్చేది.

ముఖం మీద చల్లటి నీళ్ళు చల్లుకోవడం కొందరికి హాయినిస్తుంది. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించడం కూడా.

ఇవన్నీ ఎటాక్‌ను ఆపేసే మీటలు అనుకోకండి. ఆపాలని పట్టుబట్టిన కొద్దీ అది మొరాయిస్తుంది. ఈ పనులు చేస్తూ దాన్ని వచ్చి వెళ్ళిపోనివ్వడమే మన పని. గోపాలపూర్ సముద్రంలో అలకు ఎదురు నిలబడితే పడేస్తుంది, దానితో పాటు కాస్త పైకి లేస్తే కిందుగా వెళ్ళిపోతుంది.

కళ్ళు తిరిగి పడిపోతానేమో?

దాదాపు పడిపోరు. స్పృహ తప్పేది ఎక్కువగా బీపీ పడిపోయినప్పుడు. పానిక్‌లో బీపీ కొంచెం పెరుగుతుంది. రక్తం, సూది చూస్తే పడిపోయే భయం మాత్రం వేరే రకం, అందులో బీపీ నిజంగానే పడుతుంది. అలాంటివాళ్ళు ఆ సమయంలో తొడలు, చేతుల కండరాలను పది పదిహేను క్షణాలు బిగించి వదలడం నేర్చుకోవాలి. పిచ్చెక్కడం గురించి కూడా అడుగుతారు. పానిక్ ఎటాక్ వల్ల ఎవరికీ పిచ్చెక్కదు.

బస్సు, రైలు ఎక్కలేకపోతున్నాను. ఏం చేయాలి?

నా మొదటి ఎటాక్ రైల్లోనే. కోరాపుట్ నుంచి రాయగడ వస్తున్నాను. ఆ లైను ఎక్కినవాళ్ళకు తెలుసు, ఒక సొరంగం అయిపోయిందనుకునేలోపు ఇంకొకటి. మూడో సొరంగంలో అనుకుంటాను, ఊపిరి ఆగిపోతోందనిపించింది. లక్ష్మీపూర్ రోడ్‌లో దిగిపోయి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని మా అన్నయ్యకు ఫోన్ చేశాను. దిగిన ఐదు నిమిషాలకే తగ్గింది. ఆ తర్వాత నాలుగేళ్ళు రైలెక్కలేదు.

దిగినందువల్లే తగ్గిందని నేను అనుకున్నాను. దిగకపోయినా ఐదు పది నిమిషాల్లో తగ్గేది. కానీ దిగడం వల్ల నా ఒళ్ళు ఒక తప్పుడు పాఠం నేర్చుకుంది: రైలు ప్రమాదం, దిగితేనే ప్రాణం దక్కుతుంది. పారిపోయిన ప్రతిసారీ ఆ పాఠం గట్టిపడుతుంది. ముందు రైలు మానేస్తాం, తర్వాత బస్సు, తర్వాత సంత, చివరికి వీధి గుమ్మం.

దీనికి విరుగుడు అంచెలంచెలుగా తిరిగి వెళ్ళడం. గుణుపూర్‌లో ఉండే ఒక వదినగారు ఎలా చేశారో చెబుతాను. గుణుపూర్ నుంచి నౌపడ వెళ్ళే రైలు దీనికి చక్కగా సరిపోతుంది, మధ్యలో స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మొదటి వారం రోజూ స్టేషన్‌కి వెళ్ళి, రైలు వచ్చి వెళ్ళేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. రెండో వారం భర్తతో కలిసి కాశీనగర్ దాకా వెళ్ళారు. తర్వాత ఆయన వేరే పెట్టెలో, ఆవిడ ఒక్కరూ ఒక పెట్టెలో. తర్వాత ఒంటరిగా పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి. నౌపడ చేరడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఎటాక్ వచ్చింది, దిగలేదు. ఆ రెండు సార్లే తనకు ఎక్కువ నేర్పాయని ఆవిడ అంటారు.

పద్ధతి ఇంతే. భయపడే చోట్లు, పనులు కాగితం మీద రాసి, ఒక్కొక్కదానికి పదికి ఎన్ని మార్కుల భయమో వేసుకోండి. మూడు, నాలుగు దగ్గర మొదలుపెట్టండి. వెళ్ళినచోట భయం కనీసం సగానికి దిగేదాకా ఉండండి. వారానికి ఒకసారి చేస్తే సరిపోదు, నాలుగైదుసార్లు చేయాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర జనంలోకి మొదటి రోజే దూకొద్దు. అది నిచ్చెన పైమెట్టు.

నీళ్ళ సీసా, తోడుగా ఒక మనిషి, జేబులో మాత్ర ఉంటే వెళ్ళగలను. అది సరిపోదా?

మొదట్లో సరే. కానీ వాటిని ఒక్కొక్కటిగా వదలాలి. తలుపు పక్కనే కూర్చోవడం, నాడి పట్టుకుని లెక్కపెట్టుకోవడం, దారిలో ఏ ఊళ్ళో ఆసుపత్రి ఉందో చూసుకోవడం, ఇవన్నీ కూడా అలాంటివే. సీసా ఉంది కాబట్టి బతికాను అనుకున్నంతకాలం, సీసా మర్చిపోయిన రోజు ఎటాక్ ఖాయం. మండుటెండలో నీళ్ళు మానేయమని అనడం లేదు. దాహానికి పట్టుకెళ్ళే సీసాకూ, భయానికి పట్టుకెళ్ళే సీసాకూ తేడా మీకే తెలుస్తుంది.

ఎటాక్‌ను కావాలని తెచ్చుకునే సాధన ఉందట, నిజమేనా?

నిజమే. చాలా మంచి సాధన, చేయమంటే అందరూ భయపడే సాధన కూడా. మనల్ని భయపెట్టేవి ఒంటి అనుభూతులే కదా. వాటిని మనమే పుట్టిస్తాం. ఒక నిమిషం ఉన్నచోటే పరుగెత్తితే గుండె దడ. తిరిగే కుర్చీలో అర నిమిషం తిరిగితే కళ్ళు తిరగడం. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీస్తే ఉక్కిరిబిక్కిరి. అవి వచ్చాక ఏమీ చేయకుండా కూర్చుని అవి తగ్గడం చూడాలి. రోజూ చేస్తే, దడ అంటే దడే, చావు కాదని ఒళ్ళు ఒప్పుకుంటుంది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు. మిగతావాళ్ళు కూడా మొదటిసారి సైకాలజిస్టు దగ్గర చేస్తే ధైర్యంగా ఉంటుంది.

మందు లేకుండా నిజంగా తగ్గుతుందా?

చాలామందికి తగ్గుతుంది. పైన చెప్పిన ఊపిరి, ఆలోచన, తిరిగి వెళ్ళడం, అనుభూతి సాధన, ఇవన్నీ కలిపి ఒక క్రమంలో నేర్పే చికిత్సను సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. వారానికి ఒకటి చొప్పున పది పన్నెండు సిట్టింగులు ఉంటాయి. 2000లో అమెరికాలో డేవిడ్ బార్లో బృందం ఈ చికిత్సనూ ఇమిప్రమిన్ అనే మందునూ పోల్చి చూసింది. రెండూ పనిచేశాయి. చికిత్స ఆపేశాక మాత్రం సీబీటీ ఫలితం బాగా నిలిచింది.

అయినా మందులు తప్పు అని నేను ఎవరికీ చెప్పను. రోజుకు రెండు మూడు ఎటాక్‌లు వస్తూ, తిండి నిద్ర లేక, పనికి వెళ్ళలేక ఉన్న మనిషికి మందు ఒక ఊతకర్ర. డిప్రెషన్ కూడా ఉంటే మందు అవసరం పడొచ్చు. మందు వాడుతూ కూడా ఈ సాధనలు చేయొచ్చు.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నాను. ఇది చదివి మానేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ముఖ్యంగా ఆల్ప్రజొలామ్, క్లోనజెపామ్ లాంటివి రోజూ వేసుకుంటూ ఒక్కసారిగా ఆపేస్తే భయం రెట్టింపై తిరిగొస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ళ తరబడి ఆల్ప్రజొలామ్ కొనుక్కుంటున్నవాళ్ళు నాకు తెలుసు. అది డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన, అమ్మకం రిజిస్టర్‌లో రాయాల్సిన మందు. అలవాటు పడే మందు కాబట్టే ఆ నిబంధన.

ఇంట్లో గాలి సోకిందంటున్నారు. దిసారి అనే గిరిజన పూజారి దగ్గరికి తీసుకెళ్తామంటున్నారు.

మా అమ్మ కూడా దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసింది. మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళి కుంకుమ పెట్టించింది. నాకు కోపం రాలేదు. అది ఆమె ప్రేమ. గుడిలో కూర్చుంటే మనసు కుదుటపడితే కూర్చోండి. అమ్మకు చేతనైనది అమ్మను చేయనివ్వండి.

హద్దు ఎక్కడంటే: కొట్టడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం, పొగ పెట్టడం, అప్పు చేసి మేకలు కోళ్ళు తేవడం. వీటికి ఒప్పుకోకండి. దిసారి దగ్గరికి వెళ్ళినా వెళ్ళకపోయినా రక్తపరీక్ష, ఈసీజీ మానకండి. పెద్దవాళ్ళతో వాదించకుండా “అమ్మా, అదీ చేద్దాం, ఇదీ చేద్దాం” అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఊపిరికీ తిమ్మిరికీ ఉన్న లెక్క మా అమ్మకు తీరిగ్గా చెప్పాను. తర్వాత ఎటాక్ వస్తే “మెల్లగా వదులు, మెల్లగా వదులు” అనడం ఆమే మొదలుపెట్టింది.

తుఫాను తర్వాత మొదలైంది. గాలి శబ్దం వింటే చాలు వస్తుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, గంజాం జిల్లాలు ఎంత దెబ్బతిన్నాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కరలేదు. ఆ రాత్రి పైకప్పు ఎగిరిపోయినవాళ్ళు, వరద చూసినవాళ్ళు ఇప్పటికీ అక్టోబర్‌లో మబ్బు పడితే నిద్రపోరు. దీన్ని మామూలు పానిక్ అనుకుని సొంతంగా సాధన మొదలుపెట్టకండి. ఆనాటి దృశ్యాలు కళ్ళముందు తిరుగుతున్నా, పీడకలలు వస్తున్నా అది పెద్ద దెబ్బ తాలూకు గాయం. దానికి తెలిసిన కౌన్సెలర్ దగ్గర కూర్చుని చేయాల్సిన చికిత్స వేరే ఉంది. ఊపిరి సాధన మాత్రం ఈలోపు చేసుకోవచ్చు.

మా తమ్ముడు సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తాడు. నిద్రలో లేచి ఊపిరి ఆడడం లేదంటాడు.

నిద్రలో కూడా పానిక్ ఎటాక్ వస్తుంది. కల వల్ల వచ్చేది కాదు, గాఢంగా పడుకున్న మనిషి గుండె దడతో ఉలిక్కిపడి లేస్తాడు. లేవగానే లైటు వేసుకుని కూర్చుని, పైన చెప్పిన ఊపిరి లెక్క చేయమనండి. గదిలోంచి బయటికి పరుగెత్తొద్దు. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగే మనిషైతే అది వేరే జబ్బు, చూపించాలి.

షిఫ్టు పనిలో నిద్ర చెడుతుంది, మెలకువ కోసం టీ మీద టీ పడుతుంది. సాయంత్రం తర్వాత టీ మానమనండి. మద్యం తాగే అలవాటుందా అని మెల్లగా అడగండి. తాగిన రాత్రి భయం తగ్గినట్టుంటుంది, మత్తు దిగే తెల్లవారుజామున రెట్టింపు గాబరా వస్తుంది. సారా అయినా, జీలుగు కల్లు అయినా అంతే. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానినా ప్రమాదమే, డాక్టర్ సాయంతో మానాలి. ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్నవాళ్ళకు రోజూ ఒక పది నిమిషాల ఫోను కూడా వైద్యమే. జబ్బు గురించే మాట్లాడక్కరలేదు, ఊళ్ళో వానలు పడ్డాయా లేదా అని మాట్లాడినా చాలు.

తిండి, అలవాట్లలో ఏం మార్చుకోవాలి?

టీ, కాఫీ తగ్గించండి. గుడాకు (పళ్ళు తోముకునే పొగాకు ముద్ద), ఖైనీ, గుట్కా, సిగరెట్ అన్నిట్లో నికోటిన్ ఉంది, అది గుండె వేగం పెంచుతుంది. పొద్దున్నే గుడాకు తోముకోగానే దడ వస్తోందని చెప్పిన అత్తలు ఉన్నారు. ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా ఉండకండి. కార్తీకంలో ఉపవాసం ఉంటే పాలో పండో తీసుకోండి, ఆకలి వణుకు పానిక్‌లా మొదలై పానిక్‌గానే మారుతుంది. ఎండాకాలంలో పఖాళ, అదే మన చద్దన్నం, తిని ఒక కునుకు తీయండి. రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి. నడకలో దడ వస్తుంది, అదీ ఒక సాధనే. రాత్రి పడుకునేముందు పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కొక్క కండరాన్నీ బిగించి వదలడం నేర్చుకుంటే నిద్ర బాగా పడుతుంది.

పక్కన ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

గుమిగూడొద్దు. పదిమంది చేరి “ఏటైంది, ఏటైంది” అంటే ఆ మనిషికి నిజంగానే ఏదో అయిపోతోందనిపిస్తుంది. నోట్లో నీళ్ళు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, ఉల్లిపాయ వాసన చూపించొద్దు. “ఏం లేదు, ఊరికే భయపడతావు” అనే మాట చాలా బాధపెడుతుంది. పక్కన కూర్చోండి. మీ ఊపిరి మీరు నెమ్మదిగా తీయండి, వాళ్ళది మెల్లగా మీ దారిలోకి వస్తుంది. “నేనున్నాను. ఇది తగ్గుతుంది. మెల్లగా వదులు.” ఇంతకుమించి మాటలు అక్కరలేదు.

భర్తలకూ కొడుకులకూ ఇంకో మాట. జాలిపడి అన్ని పనులూ మీరే చేసేయకండి. సంతకు ఆవిడ బదులు మీరు వెళ్తే ఆ పూటకు సాయం, ఏడాదికి నష్టం. ఆవిడతో కలిసి వెళ్ళండి.

ఇక్కడ డాక్టర్లు ఒడియాలో మాట్లాడతారు. నా బాధ ఎలా చెప్పాలి?

మనవాళ్ళు చాలామంది ఈ ఒక్క కారణానికే వెళ్ళరు, వెళ్ళినా “గ్యాస్” అని చెప్పి వచ్చేస్తారు. నేనూ మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఛాతీ పట్టుకుని చూపించాను, గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపేశారు. నేను భయం గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

రాసుకుని వెళ్ళండి. ఎటాక్ వచ్చిన రోజు, సమయం, చోటు, ఒంట్లో ఏమైంది, ఏం ఆలోచన వచ్చింది, ఎంతసేపుంది. రెండు వారాలు ఇలా రాస్తే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది. ఒడియాలో “మోతె డొరొ లాగుచి” అంటే భయం వేస్తోందని. ఆ ఒక్క మాట తప్పకుండా చెప్పండి. మిగతాది తెలుగులో చెబితే సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో అర్థం చేసుకునే నర్సో కాంపౌండరో తరచుగా దొరుకుతారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల దగ్గర సవర భాష నేర్చుకున్నారు, మనుషులు మాట్లాడే మాటలోనే రాయాలని జీవితాంతం పోరాడారు. ఆ ఊరి పక్కన పుట్టిన మనం మన బాధను మన మాటలో చెప్పడానికి సిగ్గుపడక్కరలేదు.

ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎంత?

ముందు మీ జిల్లా ప్రధాన ఆసుపత్రిలో మానసిక వైద్యం ఏ రోజుల్లో చూస్తారో అడగండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ప్రభుత్వానివి. తెలుగులోనే మాట్లాడాలనుకుంటే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, రాయగడ నుంచి రైల్లో వెళ్ళొచ్చు. అక్కడ మాట చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలని విడిగా అడగండి. అడగకపోతే మాత్రలు రాసి పంపడమే ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే బయట జనం వరుసలో ఉంటారు.

ఇల్లు కదలలేనివాళ్ళకు టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంట్లో ఎవరికైనా చెప్పి అదే నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.

తగ్గిపోయాక మళ్ళీ వస్తుందా?

రావచ్చు. నాకు రెండున్నరేళ్ళ తర్వాత మా నాన్న పోయిన నెలలో వచ్చింది. నిద్ర లేని రోజులు, జ్వరం నుంచి కోలుకుంటున్న రోజులు, కాన్పు తర్వాత, ఇంట్లో చావో పెళ్ళో జరిగినప్పుడు రావడం ఎక్కువ. మొదటికి వచ్చిందని అనుకోకండి. పాత కాగితం తీసి నిచ్చెన మధ్య మెట్టు దగ్గర మొదలుపెట్టండి, ఈసారి తొందరగా ఎక్కుతారు.

నేను ఆ నెలలోనే కోరాపుట్ వెళ్ళాల్సి వచ్చింది. రైల్లోనే వెళ్ళాను. టికిరి దాటాక దడ మొదలైంది. చీటీ ఇంట్లో మర్చిపోయాను. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ సీతాఫలం ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. సొరంగం చీకట్లో గింజలు ఒక్కొక్కటీ వేరు చేస్తూ తిన్నాను. లక్ష్మీపూర్ రోడ్‌లో రైలు ఆగింది, నేను దిగలేదు.